సూపర్‌ఛార్జర్ బిగించే ముందు ఇంజిన్ విప్పాలా, వద్దా?

స్పోర్ట్స్ కారుకు ఇంట్లోనే సూపర్‌ఛార్జర్ (ఇంజిన్ శక్తితోనే తిరుగుతూ దానిలోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) బిగించదలచినవారి ముందు రెండు దారులుంటాయి: ఇంజిన్‌ను విప్పకుండా తక్కువ బూస్ట్‌తో (అదనపు గాలి ఒత్తిడితో) సరిపెట్టుకోవడం, లేదా పిస్టన్లు మార్చి కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నలిగే మోతాదు) తగ్గించి ఎక్కువ బూస్ట్‌కు సిద్ధపడడం.

మొదటిది తేలికే గాని, ఆ తేలికతనం బిగింపు వరకే. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5లోని 1.6 లీటర్ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 9.4:1, దానికి 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్ జోడిస్తే లోపలికి వెళ్లే గాలి పీడనం దాదాపు 1.4 రెట్లవుతుంది, గాలి వేడెక్కుతుంది, మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను అంటుకునే నాకింగ్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, సరిపడా ఇంధనం, వెనక్కి జరిపిన ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) తప్పవు. వీటన్నిటికంటే ముందు లీక్‌డౌన్ పరీక్ష చేయాలి: సిలిండర్‌లోకి ఎక్కించిన గాలి ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే పిస్టన్ రింగులు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు అరిగాయన్నమాట. అలాంటి ఇంజిన్‌కు బూస్ట్ ఇవ్వడం శుద్ధ దండగ.

రెండో దారిలో ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తిడితో సాగగొట్టి చేసిన) పిస్టన్లు దెబ్బలను బాగా ఓర్చుకుంటాయి. కాని రింగు కొసల మధ్య ఖాళీ మామూలుకన్నా ఎక్కువ ఉంచకపోతే, వేడికి అవి ఒకదానికొకటి ఒరుసుకుని పిస్టన్‌నే విరగ్గొడతాయి. ఇది ఫీలర్ గేజ్‌తో (సన్నని ఖాళీలు కొలిచే రేకులతో) ఓపికగా చేయవలసిన పని. బూస్ట్ లేనప్పుడు ఇంజిన్ కొంత మందగించడం దీని లోపం. తక్కువ వేగంలోనే బూస్ట్ ఇచ్చే రూట్స్ రకం సూపర్‌ఛార్జర్‌లో ఇది అంతగా తెలియదు, వేగం పెరిగితేనే బూస్ట్ ఇచ్చే సెంట్రిఫ్యూగల్‌లో తెలుస్తుంది.

రోడ్డు మీద మాత్రమే నడిపే, ఆరోగ్యంగా ఉన్న కారుకు మొదటి దారే మేలు. ఇంజిన్ ఎలాగూ విప్పవలసి వస్తే రెండోది ఎంచుకోవచ్చు.