పాత విలాయతీ రైఫిల్ అమ్మేసి ఇషాపూర్ .315 కొనాలా? ఏది మేలు?

ముందే ఒక మాట చెప్పేస్తాను. మీ ఇంట్లో ఉన్న పాత రైఫిల్ ఇంగ్లండులోనో జర్మనీలోనో తయారైనదైతే, ఒకసారి అమ్మాక మళ్లీ అలాంటిది మీ చేతికి రావడం చాలా కష్టం. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారుడు విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి మూసుకుపోయింది, పేరున్న క్రీడా షూటర్లకు మాత్రం కొంత వెసులుబాటు ఉంది. అంటే దేశంలో ఉన్న పాత రిగ్బీలు, మౌజర్లు, వెస్ట్లీ రిచర్డ్స్‌లు ఉన్నవే ఉన్నాయి, వాటికి కొత్తవి వచ్చి చేరడం లేదు. ఇషాపూర్ .315 (మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారం చేసే రైఫిల్, .315 అంటే దాని బోరు, గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో) అలా కాదు, ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. అందుకే ఈ రెండింటినీ ధర పక్కన ధర పెట్టి తూచడం నాకు నచ్చదు.

మరి అమ్మే ఆలోచన అసలు ఎందుకొస్తోంది? చాలా ఇళ్లలో కారణం చట్టమే. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టం సవరించాక ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండులోకే వస్తాయి. ఇంట్లో ఒక డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు (రెండు గొట్టాల, ఛర్రాలు కాల్చే తుపాకీ), ఒక పాత రైఫిల్ ఉన్నాయనుకోండి, మూడోది కొనాలంటే ఒకటి పోవాల్సిందే. పన్నెండు బోరుకు తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి దాన్ని ఎవరూ వదలరు, వేటు రైఫిల్ మీద పడుతుంది.

సరే, కొత్త రైఫిల్‌తో ఏం చేద్దామని? ఇది అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చాలావరకు, 1991 సవరణతో దాదాపు పూర్తిగా ముగిసిపోయింది. నల్లమలలో, పాకాల వైపు పెద్దవాళ్లు తిరిగిన సంగతులు చెప్పుకోవడానికి బాగుంటాయి, అంతే. అడవి పందులు వేరుశనగ చేను పెళ్లగించినా, మొక్కజొన్న పడగొట్టినా, చేతిలో లైసెన్సు ఉంది కదా అని కాల్చడానికి లేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే. కాకులు, ఎలుకలు, పండ్ల గబ్బిలాలు ఒకప్పుడు హానికర జీవుల షెడ్యూలులో ఉండేవి, 2022 సవరణలో ఆ షెడ్యూలునే ఎత్తేశారు. (ఒక కొంగని కొడితే ఏమవుతుందిరా అనే పెద్దమనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. అవుతుంది, కేసవుతుంది.) ఇంకో సంగతి, పంట రక్షణ అని చట్టం ప్రత్యేకంగా పేరు పెట్టి చెప్పింది మందు దట్టించి కాల్చే నాటు తుపాకీ గురించి, ఆత్మరక్షణకో క్రీడకో అన్నది ఇరవై అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న నున్నటి గొట్టం తుపాకీ గురించి. రైఫిల్ ఆ రెండింటిలోనూ లేదు. కాబట్టి "పందుల కోసం .315 కొంటున్నా" అనేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోవాలి.

ఇక అసలు పోలిక. మామూలుగా ఎదురయ్యేవి నాలుగు దారులు: పాతది ఉంచుకోవడం, దాన్నమ్మి .315 కొనడం, .30-06 కొనడం, లేదా .22 కొనడం.

పాతది అంటే ఏది అన్నది ముందు చూడాలి, ఎందుకంటే పాతవన్నీ ఒకటి కాదు. ఉదాహరణకు .275 రిగ్బీ, అంటే నిజానికి 7×57 మౌజర్ తూటానే, ఇంగ్లిషు కంపెనీ తన పేరు పెట్టుకుంది. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది ఈ బోరు రైఫిలే. భుజానికి దెబ్బ తక్కువ, గురి బాగుంటుంది, మౌజర్ బోల్ట్ (గొట్టం వెనక తెరిచి మూసే గడియ) తూటాను వెనక నుంచి కొక్కెంతో పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది కాబట్టి అడ్డం పడటం అరుదు. బోల్ట్ వెనక్కి లాగితే గరగరమనదు, నూనె రాసిన తలుపు గడియలా జారుతుంది. ఇప్పుడు అలాంటి పనితనం కోసం వెతుక్కోవాలి. ఇలాంటిది మీ దగ్గర ఉండి, బ్యారెల్ లోపల శుభ్రంగా ఉంటే, దాన్ని అమ్మి .315 కొనడం నా దృష్టిలో వజ్రం ఇచ్చి పటికబెల్లం తెచ్చుకోవడమే.

కానీ ఇక్కడే ఒక పెద్ద "కానీ" ఉంది, అది తూటా. తిరుపతి దగ్గర మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్ వాడేవాడు, మోడల్ 1895, ఇంగువ కట్టిన గుడ్డలా ఆ పేరుకు ఇప్పటికీ వాసన ఉంది. అలాంటి రైఫిల్ ఇవాళ ఎవరింట్లోనైనా ఉంటే గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, కాల్చడానికి తూటా ఎక్కడ తేవాలి? మన ఆయుధ కర్మాగారాలు ఆ సైజు చెయ్యవు. .318, .404, ఇంకా పెద్ద డబుల్ రైఫిళ్ల పరిస్థితీ అంతే. ఎక్కడో పెట్టె అడుగున ఉన్న కైనోక్ (పాత ఇంగ్లిషు కంపెనీ) తూటాలు బయటికి తీసి "ఇవి ఇంకా పేలతాయి" అని చూపించేవాళ్లుంటారు. పేలొచ్చు, పేలకపోవచ్చు, ఆలస్యంగా కూడా పేలొచ్చు, అదే అసలు ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కాక చప్పుడు రాలేదని వెంటనే బోల్ట్ తెరవకూడదు, గొట్టం మట్టి దిబ్బ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. పైగా ఆ కాలం తూటాల్లో ప్రైమర్ మందు (తూటాను రగిల్చే మందు) బ్యారెల్‌ను తినేసే రకం, కాల్చాక వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే మర్నాటికే తుప్పు మొదలు.

కాబట్టి పాతదాన్ని అంచనా వేసేటప్పుడు పేరు కంటే ముందు బ్యారెల్ మీద చెక్కిన బోరు అంకె చదవండి. తర్వాత బోల్ట్ తీసేసి, తూటా కూర్చునే గది వైపు తెల్ల కాగితం పెట్టి, అవతలి కొస నుంచి లోపలికి చూడండి. మెలికల గీతల అంచులు పదునుగా కనిపిస్తున్నాయా, లేక ముదురు మచ్చలు, గుంటలు ఉన్నాయా? బోల్ట్ మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా? చెక్క బట్‌లో, బోల్ట్ వెనక సన్నటి మెడ దగ్గర వెంట్రుక లాంటి పగులు ఉందా? అక్కడే ఎక్కువగా చీలుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచారంటే మాత్రం అనుమానించాల్సిందే, తోలు చెమ్మ పట్టుకుంటుంది, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఒక వానాకాలం చాలు.

.315 సంగతికొస్తే, దాన్ని చులకన చేయడం నాకిష్టం లేదు. బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే .303 తూటాను జనం చేతికి ఇవ్వలేదు, ఇవాళ్టికీ .303 నిషేధ బోరే, అందుకే ఆ .303 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బోల్టును అలాగే ఉంచి 8×50 మానిలిషర్ తూటాకు మార్చిన రైఫిళ్లు వచ్చాయి. ఆ వరసలోదే ఇషాపూర్ ఫ్యాక్టరీది. పాత రోజుల్లో కానిస్టేబుళ్ల భుజాన .303 చూసినవాళ్లకు బోల్టు చూడగానే గుర్తొస్తుంది. తూటా బరువైనది, వేగం మాత్రం తక్కువ, వంద మీటర్లలోపు గట్టిగానే కొడుతుంది, దూరం పెరిగితే తూటా బాగా కిందికి జారుతుంది. ట్రిగ్గర్ బరువు, రెండు దశల్లో దిగుతుంది, మౌజర్‌కు అలవాటు పడ్డ వేలికి మొదట చిరాకేస్తుంది. పైన టెలిస్కోపు బిగించడం కూడా అంత తేలిక కాదు. అయితే దీనికి రెండు పెద్ద ప్లస్సులు: తూటా మన దేశంలోనే తయారవుతుంది, ఎన్‌ఫీల్డ్ యాక్షన్ (బోల్టు, ట్రిగ్గర్ పనిచేసే యంత్రాంగం) తెలియని తుపాకీ మెకానిక్ ఉండడు. ఫైరింగ్ పిన్నో స్ప్రింగో పోతే రిపేరు లైసెన్సున్న వాళ్ల దగ్గర పని అయిపోతుంది. అదే పాత ఆస్ట్రియా రైఫిల్ మానిలిషర్-షోనౌర్ అయితే ఒక చిన్న స్ప్రింగు కోసం ఎంత టెన్షన్ పడాలో అది ఉన్నవాళ్లనడగండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, కొత్తదైనా సరే పెట్టె విప్పకుండా కొనొద్దు. డీలర్ దగ్గర రెండు మూడు ఉంటే అన్నీ బయటికి తీయించండి, బోల్టు ఆడించి, గురి పూస సూటిగా నిలబడిందో లేదో కన్నుపెట్టి చూసి ఎంచుకోండి. మొహమాటపడితే ఆ వంకర పూసతో ఏళ్లు గడపాలి.

.30-06 గురించి త్వరగా చెప్పేస్తాను. 1906 నాటి అమెరికా సైన్యం తూటా, కాగితం మీద .315 కంటే అన్ని విధాలా పైచేయి: వేగం ఎక్కువ, దూరానికి గురి తప్పదు. భుజానికి దెబ్బా ఎక్కువే. కానీ ఆ దూరం మీకు ఎక్కడుంది? మన దగ్గర పెద్ద బోరు కాల్చుకోనిచ్చే రేంజీలే తక్కువ, తూటా .315 దొరికినంత తేలిగ్గా దొరకదు. పాతది బాగున్నప్పుడు దాన్నిచ్చి ఇది తెచ్చుకోవడంలో నాకైతే అర్థం కనిపించలేదు. పాతదే .30-06 అయి, బ్యారెల్ అరిగిపోయి ఉంటే మాత్రం అది వేరే లెక్క.

.22 అంటే చాలామంది పిల్లల తుపాకీ అని పెదవి విరుస్తారు. నేనైతే కాల్చడం ఇష్టం ఉన్నవాళ్లకు మొదట చెప్పేది ఇదే. తూటా చవక, దెబ్బ ఉండదు, యాభై మీటర్ల రేంజీలో రోజంతా సాధన చెయ్యొచ్చు, క్లబ్బుల్లో అడుగు పెట్టనిస్తారు. చెయ్యి కుదరాలంటే రోజూ కాల్చాలి, పెద్ద బోరుతో అది జేబుకూ భుజానికీ కష్టం. లైసెన్సు గొడవే వద్దనుకుంటే .177 బోరు, 20 జౌల్స్ శక్తి మించని ఎయిర్ రైఫిల్ ఉండనే ఉంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, మన హైదరాబాదీయే.

అంటే నా తీర్పు ఇలా. బోరుకు తూటా దొరికే, లోపల శుభ్రంగా ఉన్న పాత మౌజర్ తరహా రైఫిల్ అయితే అమ్మొద్దు, రెండో స్థానం దానికే ఉంచండి. తూటా దొరకని బోరు, లేదా గుంటలు పడ్డ బ్యారెల్ అయితే పేరు ఎంత గొప్పదైనా, ఆ పేరు మీద మోజున్నవాడికి మంచి ధరకు ఇచ్చేసి .315 తీసుకోండి, కాల్చుకోవడమే సరదా అయితే .22 తీసుకోండి. ఇందులో మోజున్నవాడు అనే మాట ముఖ్యం, ఎందుకంటే డీలర్ చెప్పే ధర, సేకరణ కోసం వెతికేవాడు ఇచ్చే ధర వేరువేరు. తొందరపడి మొదటి బేరానికే ఇచ్చేయకండి. ధర పెరుగుతుందని పాతదానికి కొత్త రంగు వేయించడం, టెలిస్కోపు కోసం పైన రంధ్రాలు తొలిపించడం లాంటివి అసలే వద్దు, అవి చేస్తే ఉన్న విలువ కూడా పోతుంది.

అమ్మడానికి ముందు ఇంకో దారి ఉందని చాలామందికి తెలియదు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం, లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంట్లో కొడుకుకో కూతురికో ఆసక్తి ఉంటే పాత తుపాకీ మీ పేరు మీద నుంచి వాళ్ల పేరు మీదికి కదిలి, మీ దగ్గర ఇంకోదానికి చోటు అవుతుంది. వారసుడికి కూడా లైసెన్సు రావాలి, పోలీసు విచారణ ఉంటుంది, టైం పడుతుంది, అయినా రైఫిల్ ఇల్లు దాటదు.

అమ్మాలనే నిర్ణయించుకుంటే, కాగితాల పని ఇది. కొనేవాడికి ఆ రకం తుపాకీకి చెల్లే లైసెన్సు ఉండాలి, యూఐఎన్ (లైసెన్సుదారుడికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరుతో సహా. ఎవరికి అమ్ముతున్నారో పేరు, చిరునామాతో కలెక్టరుకు గానీ, మీ పరిధిలోని పోలీస్ స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలపాలి, తెలిపాక 45 రోజులు గడిచేదాకా తుపాకీ చెయ్యి మారకూడదు. కమిషనరేటు పరిధిలో ఉంటే ఆ ఆఫీసులోనే ముందు కనుక్కోండి. అడ్వాన్స్ తీసుకున్నాం కదా అని ఈలోపు ఇచ్చేస్తే నేరం ఇద్దరి మీదా. కొత్తది కొనడానికి మీ లైసెన్సులో ఆ బోరు రాయించుకోవడం వేరే పని, పాతది పోయాక కాదు, దానికన్నా ముందే మొదలుపెట్టండి. లేదంటే పాతది చేజారి, కొత్తదానికి అనుమతి రాక, మధ్యలో ఎన్నికలొచ్చి ఆయుధాలు స్టేషన్లో జమ చేయమంటే ఆఫీసుల చుట్టూ తిరగడమే సరిపోతుంది. జమ చేసేటప్పుడు బ్యారెల్‌కు నూనె పట్టించి, నంబరు కనిపించేలా ఫోటో తీసుకుని, రసీదు మీద అదే నంబరు రాశారో లేదో అక్కడే చూసుకోండి.