రై ఊళ్లో ల్యాంబ్ హౌస్: పూటలో చూసి వచ్చేయకండి

లండన్ సెయింట్ పాంక్రస్‌లో హైస్పీడ్ రైలెక్కి, ఆష్‌ఫర్డ్‌లో చిన్న డీజిల్ బండికి మారితే, ఇంగ్లండ్ ఆగ్నేయ తీరం దగ్గరున్న చిన్న ఊరు రై వచ్చేస్తుంది. స్టేషన్ కింద, పాత ఊరు కొండ మీద. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నవాళ్లం, చివర్లో మనసు మార్చుకుని ఒక రాత్రికి గది తీసుకున్నాం. మంచి పని చేశాం.

ల్యాంబ్ హౌస్‌ను 1720ల మొదట్లో జేమ్స్ ల్యాంబ్ అనే వైన్ వ్యాపారి కట్టించాడు. ఎన్నోసార్లు ఊరికి మేయరుగా చేసినాయన. వెస్ట్ స్ట్రీట్ మలుపులో ఎర్ర ఇటుకల ఇల్లు, మెట్లెక్కితే తలుపు, దానికి అటూ ఇటూ తూచినట్టు కిటికీలు. ఎక్కడా డాబు లేదు. 1726లో తుపానుకి ఓడ దగ్గర్లోని కాంబర్ తీరానికి కొట్టుకొచ్చి, బ్రిటన్ రాజు మొదటి జార్జ్ ఈ ఇంట్లోనే తలదాచుకున్నాడు. ఇంటాయన తన పడకగది ఇచ్చేశాడు. ఆ రాత్రే ఇంటావిడకు కొడుకు పుట్టాడు, వాడికీ జార్జ్ అనే పేరు పెట్టారు. గోడలకు చెక్క పలకలు పరిచిన ఆ గదిలో నిలబడితే, రాజుగారు పడుకున్నది ఇంత మామూలు గదిలోనా అనిపించింది నాకు.

1897లో రచయిత హెన్రీ జేమ్స్ ఈ ఇల్లు అద్దెకు తీసుకుని, తర్వాత కొనుక్కున్నాడు. వేసవిలో ఆయన రాసుకున్న గార్డెన్ రూమ్ వీధివైపు ఉండేది. 1940లో జర్మన్ బాంబు పడి అది పోయింది. ఇప్పుడక్కడ గోడ మాత్రమే. అంత పొందికైన ఇంటి పక్కన ఆ ఖాళీ చూస్తే మనసు చివుక్కుమంది.

సాయంత్రం జనం వెళ్లిపోయాక మళ్లీ తిరిగాం. ఈ ఊళ్లో ఇటుక గోడల్లా కనిపించేవన్నీ ఇటుక కాదు. పాత కర్ర ఇళ్ల మీద, అచ్చం ఇటుకల్లా కనిపించే పెంకులు తాపారు. మాథమెటికల్ టైల్స్ అంటారు. ఒక గోడ మూలన, పెంకుల అంచులు దాచడానికి కొట్టిన చెక్క పట్టీ చూసి ఆ సంగతి కనిపెట్టాను. ల్యాంబ్ హౌస్‌ది మాత్రం అసలు ఇటుకే.

మేం దిగిన చోట దూలాలు తలకు తగిలేంత కిందికున్నాయి, పొద్దున వేడినీళ్లు సరిగ్గా రాలేదు. పరుపు బాగుంది. చక్రాల పెట్టె తెచ్చుకోకండి, మెర్మెయిడ్ స్ట్రీట్ గుండ్రాళ్ల మీద అది కదలదు. ల్యాంబ్ హౌస్‌ను చూసుకునేది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ. వారమంతా తెరిచి ఉండదు, రోజులు చూసుకునే టికెట్ తీసుకోండి.