పార్కింగ్ అంతస్తుకు ఫ్రిక్షన్ డ్యాంపర్లు: తిరుపతిలో మాకు చేసిపెట్టిన ఆఫీసు గురించి

కింద పార్కింగ్ వదిలి పైన స్టీల్ ఫ్రేముతో అంతస్తులు లేపాలనుకుంటున్న వాళ్లు ఇది ఓపిగ్గా చదవండి. బాలాజీ కాలనీలో ఒక మేడ మీద నడిచే చిన్న స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు చేత, భూకంపం ఊపును మింగే పరికరాలైన డ్యాంపర్లతో మా బిల్డింగ్ డిజైన్, సైటు పర్యవేక్షణ చేయించుకున్నాం. ఉన్నది ముగ్గురే, పనులు ఎక్కువైతే ప్రతి సైటుకూ తిరగలేమని, పేరు రాయొద్దని వాళ్లే కోరారు. పని మాత్రం నాకు చాలా నచ్చింది.

మాది డయాగ్నస్టిక్ సెంటర్. ల్యాబు, స్కానింగు మొదటి రెండు అంతస్తుల్లో, పైన ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్. కింద కార్లు తిరగాలి కాబట్టి గోడలు లేవు, ఉత్త కాలమ్సే. ఆ ఆఫీసు ఇంజనీరు సార్ ప్లాన్ చూడగానే వేలు పెట్టింది అక్కడే. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలాంటి ఖాళీ పార్కింగే ఉంది. అవి కాంక్రీటువి, మాది స్టీలు కదా అన్నాను. దానికి ఆయన నార్త్‌రిడ్జ్ సంగతి చెప్పారు. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర వచ్చిన ఆ భూకంపంలో నూరుకు పైగా స్టీల్ బిల్డింగుల్లో బీము, కాలమ్ కలిసే చోట వెల్డింగులు పగిలాయి. చాలాచోట్ల బయటికి ఏమీ కనిపించలేదు, సీలింగులూ పూతలూ ఊడదీసి చూస్తేగానీ తెలియలేదు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. పలమనేరు వైపు చిన్న ప్రకంపనలకే జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తిన వార్తలు మనం చదివినవే. పైన నిద్రపోయేది ఎవరి పిల్లలో కదా.

అందుకే మాకు డ్యాంపర్లు వేద్దామన్నారు. వాటిలో రకాలున్నాయి. సిలికాన్ ఆయిల్‌లో పిస్టన్ కదిలేవి ఒకటి. మెత్తటి స్టీలు ప్లేట్లు కావాలనే వంగి శక్తిని తీసుకునేవి ఇంకొకటి, గట్టిగా వంగాక వాటిని మార్చాల్సిందే. మాకు వేసింది ఫ్రిక్షన్ రకం. అవతార్ పాల్ అనే ఇంజనీరు కెనడాలో అభివృద్ధి చేసిన పద్ధతి ఇదేనని, మాంట్రియల్ కాంకోర్డియా యూనివర్సిటీ లైబ్రరీలో వాడారని చెప్పారు. కాలమ్స్ మధ్య వాలుగా వేసే స్టీలు కడ్డీల (బ్రేసింగ్) మధ్యలో ప్లేట్లను బోల్టులతో అదిమి పెడతారు. తుఫాను గాలికి అవి కదలకూడదు. భూకంపం వచ్చి, అనుకున్న బలం దాటితే మాత్రం, కాలమ్స్ వంగకముందే ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. ఘాట్ రోడ్డు దిగే బస్సు బ్రేకులు వేడెక్కినట్టు, ఊపు అంతా అక్కడ రాపిడిలో వేడిగా మారిపోతుంది.

నన్ను బాగా నమ్మించింది టెస్టు కాగితం. ఒక్కో డ్యాంపర్‌కూ ఎంత బలానికి ఎంత కదిలిందో చూపే గ్రాఫు ఇచ్చారు. ముందుకూ వెనక్కూ లాగుతూ పరీక్షిస్తే గీత దాదాపు దీర్ఘచతురస్రంలా చుట్టు తిరుగుతుంది. దాని లోపలి వైశాల్యమే ఆ డ్యాంపర్ మింగే శక్తి. చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే పట్టు సడలలేదని అర్థం. ఈ గ్రాఫు చూపించకుండా డ్యాంపర్ అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు.

బిగించే రోజు మా ఫ్యాబ్రికేషన్ మేస్త్రి రెంచి తీసుకెళ్లి ఒక నట్టు మీద పెట్టాడు. "లూజుగా ఉన్నట్టుంది మేడమ్, ఇంకో పట్టు పడితే గట్టిగా ఉంటుంది" అన్నాడు. బోల్టు ఎంత బిగిస్తే అంత భద్రం అని నేర్చుకున్న మనిషి, మంచికే అన్నాడు. ఆఫీసు కుర్రాడు పరుగున వచ్చి "అన్నా, వాటి జోలికి పోవద్దు" అని ఆపాడు. ఆ బిగింపు ఫ్యాక్టరీలో పరీక్ష చేసి పెట్టినది. ఇంకా బిగిస్తే ప్లేటు జారదు, డ్యాంపర్ కాస్తా మామూలు బ్రేసింగ్ అయిపోతుంది, బలమంతా వెల్డింగుల మీదా కాలమ్స్ మీదా పడుతుంది. తర్వాత ఆ అబ్బాయి ప్రతి నట్టు మీంచి ప్లేటు మీదకు పసుపు పెయింటుతో సన్న గీత గీశాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. పెయింటర్లు రాకముందే జారే ప్లేట్లకు, పొడుగు రంధ్రాలకు ప్లాస్టిక్ కవరు చుట్టించాడు, రంగు పట్టుకుంటే జారుడు మారిపోతుందని. ఇంత శ్రద్ధ డబ్బిచ్చినా దొరకని చోట్లు చాలా చూశాను.

అందానికి బ్రేసింగులన్నీ షీట్లతో మూసేద్దామని ఇంటీరియర్ వాళ్లు పట్టుబట్టారు. సార్ ఒప్పుకోలేదు. చివరికి నాలుగు స్క్రూలు విప్పితే ఊడొచ్చే ప్యానెళ్లు పెట్టించారు. నార్త్‌రిడ్జ్ కథ విన్నాక నాకు అందం పట్టలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. డ్యాంపర్లు చెప్పిన తేదీకి రాలేదు, క్రేన్ అద్దె మాకు రెండోసారి పడింది. సప్లయర్ ఆలస్యమే అయినా ముందే హెచ్చరించాల్సింది ఆఫీసు వాళ్లే. రిపోర్టంతా ఇంగ్లీషులో ఉంది. నేను గట్టిగా అడిగాక భూమి కంపిస్తే వాచ్‌మన్ ఏమేం చూడాలో తెలుగులో ఒక పేజీ రాసిచ్చారు: పసుపు గీతలు, ప్లేటు ఎంత జరిగింది, బ్రేసింగును ఫ్రేముకు కలిపే గసెట్ ప్లేటు వెల్డింగు. అది అడక్కుండానే ఇవ్వాలి. ఏటా వచ్చి చూసే ఒప్పందం కూడా వాళ్లకు లేదు, పిలిస్తే వస్తారు. ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

మామూలు బ్రేసింగ్ చాలిన చోట డ్యాంపర్లు వద్దనే చెబుతారు. మా అన్న రేణిగుంట రోడ్డులో కట్టే గోడౌన్‌కు అడిగితే స్టీలు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం సరిగ్గా కడితే చాలు, ఈ ఖర్చు దండగ అని పంపేశారు. వెళ్లేదేదో తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాన్ పెట్టకముందే వెళ్లండి. బ్రేసింగ్ ఏ కాలమ్స్ మధ్య రావాలో, కారు ఎటు తిరగాలో అప్పుడైతే కలిపి చూస్తారు. ఉదయం ఫోన్ చేసుకుని పోవడం మంచిది, మధ్యాహ్నం తర్వాత ముగ్గురూ సైట్ల మీదే ఉంటారు.