ఫ్రీక్యాడ్ డిపెండెన్సీ గ్రాఫ్: ఏరేటర్ల షాపులో వాడి చూశాక

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీటికి గాలి అందించే ఏరేటర్లకు ఫ్రేములు, షాఫ్టులు చేసే షాపులో డ్రాయింగులు గీయడం నా పని. యంత్ర భాగాల మోడళ్లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌ను 0.19 వెర్షన్ నాటి నుంచి వాడుతున్నాను, ఇప్పుడు 1.0 మీద ఉన్నాను. మొత్తం సాఫ్ట్‌వేర్ గురించి చెప్పబోవడం లేదు. టూల్స్ మెనూలో ఎవరూ పెద్దగా పట్టించుకోని డిపెండెన్సీ గ్రాఫ్ గురించి మాత్రమే రాస్తున్నాను.

ఫైల్లోని ఒక్కో వస్తువు ఒక్కో పెట్టెగా కనిపిస్తుంది. ఏది దేని మీద ఆధారపడిందో బాణం చూపిస్తుంది. మొదట గీసినవి అడుగున, తర్వాత వచ్చినవి పైన ఉంటాయి. ఈ బొమ్మ గీసేది గ్రాఫ్‌విజ్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్. ఏటీ అండ్ టీ పరిశోధనశాలలో పుట్టింది. అది కంప్యూటర్లో లేకపోతే గ్రాఫ్ రాదు.

ఎడమ పక్కన భాగాల జాబితా, అంటే ట్రీ, ఉండగా మళ్లీ ఇదెందుకని అడగవచ్చు. ట్రీ చెప్పేది ప్రధానంగా వరస. ధవళేశ్వరం నుంచి దిగే కాలువ మీది ఊళ్ల పేర్లు వరసగా రాసిస్తే, ఏ తూము మూస్తే ఏ శివారు ఎండుతుందో తెలుస్తుందా? దానికి కాలువల పటం కావాలి. గ్రాఫ్ ఆ పటం.

నాలుగు ప్యాడిళ్ల (నీటిని చిమ్మే చక్రాల) ఏరేటర్‌ను ఆరు ప్యాడిళ్లకు పెంచమని ఒక రైతు అడిగారు. ఫ్రేము పొడుగు మార్చేముందు మా వెల్డింగు మిస్త్రీ ఎప్పటిలాగే, “ఇది మారిస్తే ఇంకేమేమి కదులుతాయి బాబూ?” అన్నాడు. ప్లేట్లు కోశాక తేడా తెలిస్తే స్టీలు నష్టం ఆయన కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. గ్రాఫ్ తెరిచాం. బేరింగ్ ప్లేటు రంధ్రాల స్కెచ్ (చదునైన గీతల బొమ్మ) నుంచి బయలుదేరిన బాణం ప్లేటు ప్యాడ్‌కు (స్కెచ్‌కు మందం ఇచ్చి చేసిన దిమ్మెకు) పోవాలి. అది అంచులు గుండ్రం చేసిన ఫిల్లెట్‌కు పోతోంది! అంటే ఫిల్లెట్ సైజు ముట్టుకుంటే రంధ్రాల స్థానం కూడా ప్రమాదంలో పడుతుంది. ట్రీలో ఎంతసేపు చూసినా ఆ సంగతి కంటపడదు. స్కెచ్‌ను డేటమ్ ప్లేన్ (విడిగా పెట్టుకునే ఊహా తలం) మీదకు మార్చి, గ్రాఫ్‌లో బాణం తిరిగిందో లేదో చూసి, అప్పుడు ఫ్రేము పొడుగు పెంచాం. మార్పు చేసి మళ్లీ లెక్క కట్టించగానే గ్రాఫ్ కూడా మారుతుంది కనుక ఈ తనిఖీ తేలిక.

అయితే ఇక్కడే దాని పెద్ద లోటు. స్కెచ్ ఫిల్లెట్ మీద ఉందని చెబుతుంది, దాని ఏ ముఖం (పక్క తలం) మీద ఉందో చెప్పదు. అది తెలియాలంటే స్కెచ్‌ను ఎంచుకుని డేటా ట్యాబ్‌లో అటాచ్‌మెంట్ సపోర్ట్ చూడాలి. ముఖాల, అంచుల నంబర్లు తారుమారై స్కెచ్‌లు ఎగిరిపోయే పాత జబ్బు 2024 నవంబరులో వచ్చిన 1.0తో బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. కాబట్టి ముఖం పేరు కూడా బాణం మీదే రాస్తే ఎంత బాగుండేదో.

స్ప్రెడ్‌షీట్ వాడేవారికి గ్రాఫ్ మరో పాఠం చెబుతుంది. మోటారు నిమిషానికి 1440 చుట్లు, గేర్‌బాక్స్ 14కు 1, షాఫ్టుకు దాదాపు 103 చుట్లు, పైపుల మందాలు, ఫ్లోట్ల మధ్య దూరం అన్నీ మేం ఒకే షీట్లో పెట్టేవాళ్లం. గ్రాఫ్‌లో చూస్తే ప్రతి పెట్టె నుంచీ ఒక బాణం ఆ షీట్ మీదకే. కటింగ్ లిస్టు కోసం తయారైన షాఫ్టు పొడుగును తిరిగి అదే షీట్లోకి చదవబోతే ఫ్రీక్యాడ్ ఒప్పుకోదు. షీట్ మీద షాఫ్టు, షాఫ్టు మీద షీట్ ఆధారపడితే ముందు దేన్ని లెక్కకట్టాలి? కొలతలు ఇచ్చే షీట్ ఒకటి, లిస్టు తీసే షీట్ మరొకటి పెట్టుకుంటే గొడవ ఉండదు. మొదటిది అడుగున, రెండోది పైన చక్కగా కూర్చుంటాయి.

పెద్ద ఫైళ్లలో మాత్రం ఓపిక పరీక్షే. మోటారు స్టాండు, ఫ్లోట్లు, కవర్లు అన్నీ ఒకే ఫైల్లో ఉంటే బాణాలు అల్లుకుపోయి ఏదీ కనబడదు. దగ్గరకు తెచ్చి చూడవచ్చు, అంతే. పెట్టె మీద నొక్కితే మోడల్‌లో ఆ భాగం వెలగదు. నేను పీడీఎఫ్‌గా దాచి, పెద్ద కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాను. కంప్యూటర్ యుగంలో ఇదేమి ఖర్మ అని మా యజమాని నవ్వుతారు.

సాలిడ్‌వర్క్స్ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం పేరును ఎంచుకుంటే ఆధారాల వైపు నీలం బాణాలు, దాని మీద ఆధారపడ్డవాటి వైపు ఊదా బాణాలు ట్రీలోనే వస్తాయి. రోజువారీ పనికి ఆ పద్ధతే హాయి. డబ్బు పెట్టగలిగినవారికి అది చాలు. ఫ్రీక్యాడ్‌లో దానికి దగ్గరగా ఉన్నది, దేన్నైనా తీసేయబోతే దాని మీద ఆధారపడ్డవి చెడిపోవచ్చని వాటి పేర్లతో వచ్చే హెచ్చరిక. మొత్తం అల్లిక ఒకేసారి చూడాలంటే మాత్రం ఉచితంగా వచ్చే ఈ గ్రాఫే నాకు ఇష్టం.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు వస్తువులకు పేర్లు పెట్టండి. గ్రాఫ్ పెట్టెల్లో కనిపించేవి ఆ పేర్లే. స్కెచ్012 నుంచి పాకెట్007కు బాణం పోతే ఎవరికి ఉపయోగం? వేరే షాపు నుంచి ఫైలు వచ్చినప్పుడు కూడా నేను మోడల్‌ను తిప్పి చూడను, ముందు గ్రాఫ్ తెరుస్తాను. అది గీసినవారు శ్రద్ధగా గీశారో, గడువుకు పరుగెత్తి గీశారో అక్కడే తెలిసిపోతుంది.