లిబ్రేఆఫీస్: ఎక్కించే ముందు చివరి అంకె చూడండి

హనుమకొండలో విశ్వవిద్యాలయానికి వెళ్లే దారిలో మాదొక చిన్న డీటీపీ దుకాణం. అర్జీలు, బయోడేటాలు రోజూ ఉండేవే. అసలు రాబడి పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలతో. గడువు దగ్గర పడ్డాక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "అన్నా, రేపటికల్లా కావాలి" అంటారు. ఉచితమే కదా అని ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ ఆ రాత్రి మొరాయిస్తే ఎవరిని అడుగుతాం? అందుకే ఈ సమీక్షలో మెనూల సంగతి తగ్గించి, వర్డ్, ఎక్సెల్ చేసే పనులన్నీ ఉచితంగా చేసిపెట్టే లిబ్రేఆఫీస్ వాళ్లు కొత్త వెర్షన్లు ఎలా తెస్తారో ఎక్కువ చెబుతాను. నేను దాన్ని నమ్మింది ఆ పద్ధతిని చూసే.

2010 సెప్టెంబరులో, ఇలాంటిదే అయిన పాత ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్ఆఫీస్ నుంచి విడివడ్డవాళ్లు డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని దీన్ని మొదలుపెట్టారు. ఏడాదికి రెండు పెద్ద విడుదలలు: ఒకటి ఫిబ్రవరి ప్రాంతంలో, ఒకటి ఆగస్టులో. 2024 నుంచి వెర్షన్ సంఖ్యలోనే ఏడాది, నెల ఉంటున్నాయి. 25.8 అంటే 2025 ఆగస్టు. (24.2 మాత్రం తొందరపడి జనవరి 31నే వచ్చేసింది.)

ఇక్కడ తేదీదే పెత్తనం. మేడారం జాతర రోడ్డు పనుల కోసం ఆగుతుందా? మాఘమాసం వచ్చిందంటే జాతరే. ఇదీ అంతే. ఏదైనా కొత్త సదుపాయం వేళకు సిద్ధం కాకపోతే దాన్ని పక్కన పెట్టి మిగతాది విడుదల చేస్తారు. ఆరు నెలల తర్వాత ఇంకో బండి ఉండనే ఉంటుంది. సగం ఉడికినదాన్ని హడావుడిగా లోపలికి తోసే అవసరం అందువల్ల తగ్గుతుంది.

ఆగస్టులో రావాల్సినదానికి ఆల్ఫా, అంటే తొలి పరీక్ష ప్రతి, మే నెలలోనే బయటికొస్తుంది. తర్వాత ఇంకాస్త కుదురుకున్న బీటా, జూలై నుంచి తుది పరీక్ష ప్రతులు. మధ్యలో ఒక దశ దాటాక కొత్త సదుపాయాలకు తలుపు మూసేస్తారు. తెరమీది ఇంగ్లిష్ మాటలు కూడా మార్చరు, అనువాదాలు చేసేవాళ్లు ఇబ్బంది పడకూడదని. ఆ పైన చేసేవన్నీ మరమ్మతులే. ఒకరు రాసిన సవరణను ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది విడుదల శాఖలోకి, అంటే విడుదల కోసం వేరుగా ఉంచిన కోడ్ ప్రతిలోకి, వెళ్తుంది. తేదీ దగ్గర పడే కొద్దీ ఒప్పుకోవాల్సినవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ఈ పట్టుదల నాకు నచ్చింది.

ఇంత చేసినా నేను 25.8.0 లాంటివి దుకాణం కంప్యూటర్ల మీద పెట్టను. విడుదలయ్యాక దాదాపు నెలకొకటి చొప్పున సవరణలు వస్తాయి, చివరి అంకె పెరుగుతూ పోతుంది. మూడో నాలుగో వచ్చాకే నాకు ధైర్యం. అప్పటిదాకా దానికి ముందరి వెర్షన్‌కు కూడా సవరణలు అందుతూనే ఉంటాయి కాబట్టి నష్టమేమీ లేదు. సున్నాతో వచ్చినదాన్ని ఇంట్లో లాప్‌టాప్ మీద వేసుకుని ముచ్చట తీర్చుకుంటాను.

తెలుగు సంగతి చెప్పకుండా డీటీపీవాడి సమీక్ష పూర్తి కాదు. 2017లో వచ్చిన 5.3 నుంచి అక్షరాలను పేర్చే పని విండోస్‌లోనూ లినక్స్‌లోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే యంత్రాంగం చేస్తోంది. అదే ఫాంటు ఉంటే స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి మాటల్లో ఒత్తులు రెండింటిలోనూ ఒకేలా కూర్చుంటాయి. ఇంకో మంచి ఏర్పాటు ఉంది: స్టైల్‌లో (అక్షరాల రూపాన్ని ఒకసారి నిర్ణయించి పెట్టుకునే చోట) ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, తెలుగుకు ఇంకొకటి విడివిడిగా పెట్టుకోవచ్చు, సైజులు కూడా. మా దగ్గర ఇంగ్లిష్‌కు టైమ్స్ 12, తెలుగుకు మండలి 14. వాక్యం మధ్యలో ఇంగ్లిష్ మాట వస్తే ఫాంటు దానంతటదే మారుతుంది. తెలియనివాళ్లు పైన పెట్టెలో సైజు మార్చి వదిలేసి, వ్యాసమంతా ఎగుడుదిగుడు చేసుకుని వస్తారు. అది సరిచేయడానికి మేం వేరే ఛార్జీ తీసుకుంటాం.

లోపాలు పట్టే తీరు ఇంకా బాగుంటుంది. మొన్నటి వెర్షన్‌లో బాగున్నది ఇప్పుడు చెడిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, నమూనా ఫైలు, ఏ మీట తర్వాత ఏది నొక్కారో అడుగుతారు. మరొకరు తమ కంప్యూటర్లో చేసి చూసి నిర్ధారిస్తారు. ఆపై బైబిసెక్ట్ అనే వెతుకులాట. పాత మార్పుల నాటి తయారు ప్రతులను వాళ్లు వరసగా దాచి ఉంచుతారు. మధ్యలోది తెరిచి చూస్తారు. అక్కడ బాగుంటే తప్పు తర్వాతి సగంలో, లేకుంటే ముందు సగంలో. ఇలా వెయ్యి ప్రతులున్నా పది సార్లలో దోషి మార్పు దొరికిపోతుంది. కోడ్ రాయడం రానివాళ్లూ ఈ వెతుకులాటలో చేయి వేయవచ్చు.

మార్కులు తగ్గించేది ఒక్కచోట. ఒక్కో పెద్ద విడుదలకు ఆయుష్షు తొమ్మిది నెలలకు అటూ ఇటూ. ఆ తర్వాత సవరణలు రావు, కొత్తదానికి మారాల్సిందే. ఏళ్ల తరబడి ఒకే వెర్షన్ మీద ఉండాలంటే, అలాంటి సేవ అమ్మే కంపెనీలకు డబ్బు కట్టాలి. పదీ ఇరవై కంప్యూటర్లున్న కార్యాలయాలకు, శిక్షణ కేంద్రాలకు ఇది నిజంగా తలనొప్పి. మాలాంటి చిన్న దుకాణానికి ఏడాదికి ఒకటి రెండు ఆదివారాలు కేటాయిస్తే చాలు. పదికి ఎనిమిది ఇస్తాను.

ఇంకా విండోస్ 7 మీదే నడుపుతున్నవాళ్లకు ఒక మాట: 25.8 దాని మీద పనిచేయదు, 25.2 దగ్గరే ఆగాలి. 25.2కు సవరణలు ఆగిపోయాయి కాబట్టి, తెలియనివాళ్లు ఈమెయిల్‌లో పంపిన ఫైళ్లు ఆ కంప్యూటర్లో తెరవకండి.