జబ్బు భయాన్ని కొలిచే 18 ప్రశ్నల టెస్ట్: నాలుగు స్టార్లు ఇస్తా

తలనొప్పి వస్తే చాలు ఫోన్ తీసి వెతుక్కుంటూ బ్రెయిన్ ట్యూమర్ దాకా వెళ్లిపోయేవాళ్లకి ఈ టెస్ట్ పనికొస్తుంది. పేరు షార్ట్ హెల్త్ యాంగ్జైటీ ఇన్వెంటరీ, సైకాలజిస్ట్ సాల్కోవ్‌స్కిస్ బృందం 2002లో ప్రచురించింది. 18 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 54. ఎక్కువ వస్తే భయం ఎక్కువని, అంతే. జబ్బు ఉందో లేదో ఇది చెప్పదు.

నాకు బాగా నచ్చింది డాక్టర్ మాట గురించి అడిగేది. "మీకేం లేదు" అని డాక్టర్ చెప్పాక ఆ ధైర్యం నిలుస్తుందా, అప్పుడప్పుడు మళ్లీ అనుమానం వస్తుందా, ప్రతిసారీ వస్తుందా, అసలు ఆ మాటతో ఊరటే కలగదా? రిపోర్టులో నార్మల్ అని కళ్లారా చూసి కూడా ల్యాబ్‌వాళ్లు శాంపిల్ మార్చేశారేమో అనుకునేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. జబ్బు భయాన్నే కొలిచే పాత టెస్ట్, 1967 నాటి వైట్లీ ఇండెక్స్‌లో ఒళ్లు నొప్పులు బాగా బాధిస్తున్నాయా అని కూడా ఉంటుంది, కీళ్లవాతం ఉన్న మనిషి అవునంటే అది భయమెలా అవుతుంది చెప్పండి? ఆ మెలిక తెలిసే ఈ 18 ప్రశ్నల టెస్ట్‌ని నిజంగా జబ్బున్నవాళ్లకీ పనికొచ్చేలా తయారుచేశారు.

ఇక చిరాకులు. గత ఆరు నెలల్లో మీరెలా ఉన్నారో చూసుకుని జవాబివ్వాలి, ఈ ముక్క తీసేసి పెట్టిన కాపీలు నెట్‌లో ఉన్నాయి, అప్పుడు నిన్నటి టెన్షనే స్కోరైపోతుంది. కొందరు మొదటి 14 మాత్రమే కలిపి 42కి చెబుతారు, కొందరు 54కి, పక్కవాళ్ల స్కోరుతో పోల్చుకునే ముందు అది చూసుకోండి.

ఇంకోటి, ఇది ప్రధానంగా నాకు జబ్బు ఉందేమో అనే భయాన్నే పట్టుకుంటుంది. ఎవరి నుంచైనా అంటుకుంటుందేమో అన్న భయానికి 2009లో వచ్చిన 15 ప్రశ్నల స్కేల్ వేరే ఉంది, అందులో ఎవరో కొరికిన పెన్సిల్‌తో రాయడం గురించి కూడా అడుగుతారు (అది ఎవరికి ఇష్టం ఉంటుంది బాబూ!).

ఒక స్టార్ కోసింది మాత్రం వేరే కారణానికి. పదేపదే బీపీ చూసుకునే అలవాటున్నవాళ్లు దీన్నీ అలాగే రోజూ నింపి, రెండు మార్కులు పెరిగాయని కొత్త దిగులు పెట్టుకుంటారు. అలాంటివాళ్లు ఒక్కసారి నింపి ఆ కాగితం సైకాలజిస్ట్ చేతికి ఇచ్చేయడం నయం, మళ్లీ ఎప్పుడు నింపాలో వాళ్లే చెబుతారు.