పైథాన్‌తో రాజకీయ అర్థశాస్త్రం: చాలాకాలం వాడాక

కొన్నేళ్లుగా రికార్డో, మార్క్స్, శ్రాఫా లాంటి ఆర్థికవేత్తలను చదివేటప్పుడు పక్కన పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను తెరిచి పెట్టుకుంటున్నాను. లెక్కలకు నంపై, సైపై, బొమ్మలకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, రాసుకోవడానికి జూపిటర్ నోట్‌బుక్. అన్నీ ఉచితమే. ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని ఆలోచించేవాళ్ల కోసం ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరి సిద్ధాంతం రైటో కంప్యూటర్ తేల్చదు. కానీ ఒక వాదనలో లెక్కకు లొంగే భాగం ఎక్కడ ఆగిపోతుందో, మనుషుల మధ్య బలాబలాలు తేల్చాల్సిన భాగం ఎక్కడ మొదలవుతుందో ఇంత స్పష్టంగా చూపించే సాధనం నాకు ఇంకోటి దొరకలేదు.

మొదలుపెట్టడానికి శ్రాఫా 1960లో ఇచ్చిన చిన్న ఉదాహరణే మంచిది. ఒక సమాజంలో రెండే పరిశ్రమలున్నాయి, గోధుమ, ఇనుము. 280 క్వార్టర్ల (క్వార్టర్ అంటే ధాన్యం కొలత) గోధుమ, 12 టన్నుల ఇనుము పెడితే 400 క్వార్టర్ల గోధుమ పండుతుంది. 120 క్వార్టర్ల గోధుమ, 8 టన్నుల ఇనుము పెడితే 20 టన్నుల ఇనుము వస్తుంది. పనివాళ్ల తిండి కూడా ఆ గోధుమలోనే ఉంది. కూడి చూస్తే పెట్టినదంతా తిరిగొచ్చింది, మిగులేమీ లేదు. వచ్చే ఏడాది కూడా పని ఇలాగే సాగాలంటే ఈ రెండు సరుకులు ఏ నిష్పత్తిలో చేతులు మారాలి? కాగితం మీదే చేసేయొచ్చు, టన్ను ఇనుముకు 10 క్వార్టర్ల గోధుమ.

ఇప్పుడు ఇదే లెక్కను నంపైకి ఇవ్వండి. వచ్చినదాంట్లోంచి పెట్టినది తీసేసి మాత్రికగా రాస్తే మొదటి వరుసలో 120, మైనస్ 12 ఉంటాయి. రెండో వరుసలో మైనస్ 120, 12. సాల్వ్ ఫంక్షన్‌ని పిలిస్తే జవాబు రాదు, మాత్రిక సింగ్యులర్, అంటే దానికి ఒకే ఒక్క జవాబు ఉండదు, అని ఎర్రర్ కొడుతుంది. ఎందుకంటే రెండు వరుసలూ చెప్పేది ఒకటే. గోధుమ రైతు కొనేది ఇనుము వాళ్లు అమ్మేదే కాబట్టి ఒకరి లెక్క కుదిరితే రెండోవాళ్లది దానంతటదే కుదురుతుంది. ఈ వ్యవస్థ నిష్పత్తిని మాత్రమే నిర్ణయిస్తుంది, ధరల స్థాయిని కాదు. ఒక సరుకు ధరను 1 అనుకుంటేనే రెండోది తేలుతుంది. పుస్తకంలో ఈ మాట ఉన్న వాక్యాన్ని చాలామంది చదివి ముందుకెళ్లిపోతారు. ఎర్రర్ వస్తే వెళ్లలేరు.

తర్వాత శ్రాఫా ఒక్క అంకె మారుస్తాడు. పెట్టుబడులన్నీ అవే, గోధుమ దిగుబడి మాత్రం 575. అంటే 175 క్వార్టర్ల మిగులు. రెండు పరిశ్రమల్లో లాభాల రేటు ఒకటే కావాలంటే అది 25 శాతం అవుతుంది, టన్ను ఇనుము ధర 15 క్వార్టర్లు అవుతుంది. ఇనుము తయారీలో పిసరంత మార్పు లేదు. అయినా గోధుమతో పోలిస్తే దాని ధర సగం పెరిగింది. నేను ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన ప్రింట్ చేసి చాలాసేపు చూశాను. ధర అనేది ఆ వస్తువు లోపల ఉండే గుణం కాదని, మొత్తం ఉత్పత్తి వ్యవస్థ తేల్చేదని నాకు మనసుకు పట్టింది అప్పుడే.

పరిశ్రమలు పెరిగితే చేత్తో కుదరదు, ఐగెన్ విలువల (మాత్రిక ఒక వెక్టర్‌ను దిశ మార్చకుండా ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే అంకెలు) దగ్గరికి వెళ్లాలి. పై ఉదాహరణలో, ఒక్కో యూనిట్ దిగుబడికి పట్టే పెట్టుబడులతో రాసిన మాత్రికకు పెద్ద ఐగెన్ విలువ 0.8, దాని ఐగెన్ వెక్టరే ధరలు. ఒకటిని దాంతో భాగిస్తే 1.25, అదే 25 శాతం లాభం. ఇక్కడ నంపై గురించి రెండు హెచ్చరికలు. ఒకటి, ధరలన్నీ మైనస్‌లో రావచ్చు. కంగారు పడక్కర్లేదు, ఐగెన్ వెక్టర్‌ను గుర్తు మార్చినా అది ఐగెన్ వెక్టరే. ఇలాంటి మాత్రికలకు అన్నీ ధనాత్మకంగా ఉండే వెక్టర్ తప్పకుండా ఉంటుందని పెరాన్ 1907లో, ఫ్రొబేనియస్ 1912లో నిరూపించారు. రెండోది మరీ ప్రమాదం. కొందరు రచయితలు పరిశ్రమలను అడ్డ వరుసల్లో రాస్తారు, కొందరు నిలువు వరుసల్లో. మాత్రిక తిరగబడితే వచ్చేవి ధరలు కావు, ఉత్పత్తి పరిమాణాల నిష్పత్తులు. కానీ ఐగెన్ విలువ రెండింటికీ ఒకటే కాబట్టి లాభాల రేటు సరిగ్గానే కనిపిస్తుంది. తప్పు బయటపడదు. అందుకే ప్రతి కొత్త ప్రోగ్రామ్‌నూ ముందు గోధుమ, ఇనుము మీద నడిపి 15 వస్తేనే ముందుకెళ్లండి.

ఈ పద్ధతి నాకు ఇచ్చిన అతి విలువైన విషయం ఇప్పుడు చెప్పేది. వేతనాన్ని గోధుమలో కలిపేయకుండా విడిగా రాశాననుకోండి. పది సరుకులుంటే పది సమీకరణాలు. ఒక సరుకును కొలమానంగా తీసుకున్నాక తెలియనివి తొమ్మిది ధరలు, వేతనం, లాభాల రేటు. మొత్తం పదకొండు. ఒకటి ఎక్కువ. వేతనం గానీ లాభాల రేటు గానీ బయటి నుంచి ఇస్తే తప్ప లెక్క కదలదు. అంటే నేను రాసిన ఫంక్షన్‌కు ఒక ఆర్గ్యుమెంట్ (వాడేవాళ్లు బయటి నుంచి ఇవ్వాల్సిన విలువ) తప్పనిసరి, దాన్ని సాంకేతికత ఇవ్వదు. సమ్మెలు, చట్టాలు, నిరుద్యోగం, సంఘాల బలం, వడ్డీ రేట్లు, ఇవన్నీ వచ్చి కూర్చునేది ఆ ఒక్క ఆర్గ్యుమెంట్‌లో. దానికి నేను డిఫాల్ట్ విలువ పెట్టను. ప్రతిసారీ చేత్తో టైప్ చేస్తాను. ‘వేతనం ఇంత ఉండటం సహజం’ అని కోడ్ నా బదులు నిశ్చయించేయడం నాకు ఇష్టం లేదు.

శ్రమ విలువలు (సరుకు తయారీకి పట్టిన శ్రమ) ఉత్పత్తి ధరలుగా (అన్ని పరిశ్రమలకూ ఒకే లాభాల రేటు ఇచ్చే ధరలు) మారే చిక్కుముడికి కూడా ప్రోగ్రామింగ్ బాగా పనికొచ్చింది. ఎంగెల్స్ 1894లో ప్రచురించిన ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో మార్క్స్ సరుకుల విలువలను ధరలుగా మారుస్తాడు గానీ, వాటి తయారీకి వాడిన వాటిని విలువల దగ్గరే వదిలేస్తాడు. ఈ లోటు ఆయనకూ తెలుసు, అక్కడే ప్రస్తావిస్తాడు. 1907లో బోర్ట్‌కీవిచ్ దీన్ని ఒకేసారి సాధించే సమీకరణాలుగా రాశాడు. నన్ను ఆకట్టుకున్నది ఇంకో దారి. మార్క్స్ చేసినది ఒక లూప్‌లో మొదటి చుట్టు అనుకోండి. వచ్చిన ధరలను మళ్లీ పెట్టుబడుల ధరలుగా లోపలికి పంపండి. చిన్న మాత్రికల్లో కొన్ని చుట్లకే అంకెలు కదలడం మానేస్తాయి, అవి ఆగేది సరిగ్గా ఐగెన్ వెక్టర్ దగ్గర. మోరిషిమా, షేక్ 1970లలో ఈ మాట చెప్పారు. కోడ్‌లో ఇది ఐదారు లైన్లు. ప్రతి చుట్టులోనూ రెండు మొత్తాలు ప్రింట్ చేయండి. మొత్తం ధర మొత్తం విలువకు సమానంగా ఉండేలా పట్టి ఉంచితే, మొత్తం లాభం మామూలుగా మొత్తం అదనపు విలువ (పనివాళ్లకు చెల్లించకుండా మిగిలిన శ్రమ) నుంచి పక్కకు జరుగుతుంది. ఎంత జరిగింది అన్నది లెక్క. ఆ జరగడం దోపిడీ సిద్ధాంతాన్ని దెబ్బతీస్తుందా లేదా అన్నది లెక్క కాదు. నూరేళ్లు దాటిన ఈ తగువులో ఏ భాగం దేనికి చెందుతుందో నాకు తేటపడింది ఈ లూప్ వల్లే.

ఆర్థికవేత్త సామ్యూల్సన్ 1966లో ఒప్పుకున్న తిరుగు ఎంపికను (ఒకసారి వదిలేసిన పద్ధతే లాభాల రేటు ఇంకా మారాక మళ్లీ చవక కావడం) కూడా ఒక బొమ్మ గీసి చూడండి. ఒక పద్ధతిలో రెండు కాలాల ముందు 7 యూనిట్ల శ్రమ పెడతారు. ఇంకోదాంట్లో మూడు కాలాల ముందు 2, ఒక కాలం ముందు 6. లాభాల రేటు 50 శాతం లోపు ఉంటే మొదటిది చవక, 50 నుంచి 100 మధ్య రెండోది చవక, 100 దాటితే మళ్లీ మొదటిదే. రేటు తగ్గేకొద్దీ పెట్టుబడి ఎక్కువ పట్టే పద్ధతుల వైపు వెళ్తారన్న పాఠ్యపుస్తకాల మాట ఎప్పుడూ నిజం కాదని చూపడానికి ఈ ఒక్క బొమ్మ చాలు.

ఇక సిమ్యులేషన్లు. ఇక్కడ నా ఉత్సాహం కొంచెం తగ్గుతుంది. వెయ్యిమందికి తలా 100 నాణేలు ఇచ్చి, ఎవరో ఇద్దరిని ఎంచి, ఒకరి నుంచి ఇంకొకరికి ఒక నాణెం మార్చండి. చేతిలో లేనివాళ్లు ఇవ్వక్కర్లేదు. అప్పు లేదు. అందరూ సమానంగా మొదలై, తెలివిలో గానీ కష్టంలో గానీ తేడా లేకుండా, చివరికి ఘాతీయ పంపిణీ (చాలామంది దగ్గర తక్కువ, కొద్దిమంది దగ్గర చాలా ఎక్కువ) వస్తుంది. అసమానతను కొలిచే గిని సూచిక 0.5 దగ్గర, సగటు కంటే తక్కువ ఉన్నవాళ్లు దాదాపు 63 శాతం. ద్రాగులెస్కు, యాకొవెంకో 2000లో రాసింది ఇదే. మారే మొత్తాన్ని ఆ ఇద్దరిలో పేదవాడి చేతిలో ఉన్నదాంట్లో ఒక వంతుగా మారిస్తే, నాణెం ఎగరేసినంత న్యాయంగా ఆడినా డబ్బంతా క్రమంగా ఒకరి దగ్గరికి చేరుతుంది. చూడటానికి ఒళ్లు జలదరిస్తుంది. కానీ నియమం మన చేత్తోనే రాశాం కదా. అసమానతకు ప్రతిభే కారణం కానక్కర్లేదని ఇది చూపిస్తుంది, నిజ ప్రపంచంలో కారణం ఇదేనని మాత్రం చూపించదు. పైగా నాణేల మోడల్ స్థిరపడాలంటే కోటి దాకా లావాదేవీలు కావాలి, మామూలు పైథాన్ లూప్ నత్తనడక నడుస్తుంది. కోడ్‌ను వేగంగా నడిపించే నంబా వాడితే ఆ బాధ పోతుంది.

గుడ్విన్ 1967 మోడల్‌లో వేతనాల వాటా, ఉపాధి రేటు ఒకదాన్ని ఒకటి తరుముతూ మూసుకున్న వలయంలో తిరుగుతాయి. దీన్ని ఆయిలర్ పద్ధతిలో (చిన్న చిన్న సరళరేఖ అడుగులతో) నడిపితే వలయం చుట్టుచుట్టుకూ వెడల్పవుతుంది. బొమ్మ చూసి సంక్షోభాలు ముదురుతున్నాయని రాసేయాలనిపిస్తుంది. అది పెట్టుబడిదారీ విధానం తీరు కాదు, అంకెల గణన లోపం. సైపై సాల్వర్‌నైనా డిఫాల్ట్ ఖచ్చితత్వంతో చాలాకాలం నడిపితే వలయం నెమ్మదిగా జారుతుంది. టాలరెన్స్‌ను (సాల్వర్ అనుమతించే తప్పు పరిమాణం) బాగా తగ్గించి మళ్లీ నడపకుండా ఏ బొమ్మనూ నమ్మకండి.

అసలు డేటా కావాలంటే ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటుందో చూపే, లియొంటీఫ్ 1936లో మొదలుపెట్టిన రకం పట్టికలు ఉన్నాయి. ప్రపంచ ఇన్‌పుట్ అవుట్‌పుట్ డేటాబేస్ 2016 కూర్పులో 43 దేశాలు, 56 రంగాలు, 2000 నుంచి 2014 వరకు లెక్కలు దొరుకుతాయి. తెరిచిన క్షణమే నిర్ణయాలు మొదలవుతాయి. ఫైనాన్స్‌ను ఉత్పాదక శ్రమగా లెక్కించాలా? స్వయం ఉపాధి వాళ్ల ఆదాయంలో ఎంత వేతనం? విలువలకు, ధరలకు మధ్య సహసంబంధం 0.9 దాటిందని ఎవరైనా చూపిస్తే ముందు రంగాల పరిమాణం తీసేశారా అని అడగండి. పెద్ద రంగానికి రెండూ పెద్దవిగానే ఉంటాయి.

జూపిటర్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. గళ్లను (కోడ్ ముక్కలను) ఏ వరుసలోనైనా నడపనిస్తుంది. పొద్దున మార్చిన వేతనం సాయంత్రం గీసిన బొమ్మలో దాక్కుని ఉంటుంది. ఏ ఫలితమైనా ఎవరికైనా చూపించే ముందు మొత్తం రీస్టార్ట్ చేసి పైనుంచి నడపడం తప్పదు. రెండు మూడు పరిశ్రమల దాకా అయితే స్ప్రెడ్‌షీట్ కూడా చాలు. సైపైకి బదులు సింపై వాడితే భిన్నాలు భిన్నాలుగానే వస్తాయి, చదువుకునేవాళ్లకు అది ఎక్కువ నచ్చుతుంది.

ఇంటర్‌లో చదివిన మాత్రికలు గుర్తుంటే చాలు, మొదలుపెట్టొచ్చు. 25 శాతం వచ్చాక వెంటనే ఒక పని చేయండి. గోధుమ, ఇనుము వాడి పట్టుబట్టలు నేసే మూడో పరిశ్రమను చేర్చండి, పట్టును మాత్రం ఏ పరిశ్రమా ముడిసరుకుగా వాడకూడదు. పట్టు తయారీకి ఎన్ని రకాల అంకెలు ఇచ్చి చూసినా పట్టు ధర మారుతుంది గానీ, లాభాల రేటు 25 దగ్గరి నుంచి కదలదు. ఆ తర్వాత పట్టులో కొంచెం గోధుమ రైతుకు ముడిసరుకుగా ఇచ్చి మళ్లీ నడపండి.